కాయిల్ మీద దిష్టి చుక్క

మోటరు చుట్టినంక దిష్టి చుక్క పెట్టుడు నాకు గఫూర్ ఉస్తాద్ నేర్పిండు. ఆఖరి చుట్టు పడ్డంక, కాటన్ టేపు కట్టే ముందు, గ్రైండరు సాన కింద పేరుకున్న నల్లటి నూనె మడ్డిలో చూపుడు వేలు అద్ది, తీగ మీద నువ్వుగింజంత చుక్క పెట్టేటోడు. నజర్ కా టీకా అనేటోడు. దాని మీద టేపు వస్తది, టేపు మీద వార్నిష్ వస్తది. ఇగ ఎవరికీ కనబడదు. కనబడకుంటనే గట్టిగ పనిచేస్తదని ఆయన నమ్మకం.

ఉస్తాద్ పోయి ఇరవై రెండేండ్లు. మొఘల్‌పురాలో ఆయన దుకాణం ఇప్పుడు నాది. ఆయన టీకా అన్నదాన్ని నేను దిష్టి చుక్క అన్న. అంతకుమించి ఏమీ మార్చలేదు. బోరు మోటర్లు, పిండి గిర్నీ మోటర్లు, కూలర్లు, మిక్సీలు, నా చేతి మీది నుంచి పోయిన అన్నింటి కడుపుల ఆ చుక్క ఉన్నది.

మనస్విని నా బిడ్డ రచన కూతురు. వాళ్ళుండేది సైదాబాద్. పిల్ల యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తది. ఆమె చదువు ఏందో ఇంట్లో ఎవరికీ సరిగ తెల్వదు. ఎవరన్న అడిగితే నా భార్య విమలాదేవి, ఏదో పచ్చ పౌడరు ఉడకబెడుతది అని చెప్తది. అది అబద్ధం కాదు. రాగి ఉప్పులు నీళ్ళల్ల కలిపి, బుడ్డిలో మూత బిగించి, రోజుల తరబడి పొయ్యిలాంటి మిషన్‌లో ఉంచుతది. ఆఖరుకు చెంచాడు పచ్చ పౌడరు వస్తది. ఐదేండ్ల సంది ఆ చెంచాడు పౌడరు ఎంబడే ఉన్నది.

ఎండాకాలం మొదట్లో ఒకనాడు దుకాణానికి వచ్చింది. స్కూటీ బయట పెట్టి, బ్యాగులకెల్లి జానెడు ప్లాస్టిక్ పైపు ముక్కలు రెండు తీసి నా ముందర పెట్టింది. పౌడరును పరీక్ష చేసే మిషన్‌లో కాయిల్ కాలిపోయిందట. కంపెనీ నుంచి కొత్తది రావాలంటే మూడు నెలలు. ఆమె ఐదేండ్ల గడువు ఈ ఎండాకాలంతోని అయిపోతది. ఐదు వారాలకు కమిటీ కూసుంటది. చేసిన పని చూసి నచ్చితే ఇంకో ఏడాది ఇస్తరు. నచ్చకుంటే చేసినకాడికి రాసిచ్చి బయటికి రావాలె. ఆమె పనేమో సగంలో ఉన్నది.

ఎన్ని చుట్లు అని అడిగిన. మున్నూట ఇరవై అన్నది. తీగ మీద తీగ ఎక్కొద్దు, సందు ఉండొద్దు. ఇంకొక మాట మూడుసార్లు చెప్పింది. ఎక్కడ గూడ ఇనుము ఉండొద్దు. ఇనుప మేకు వద్దు, ఇనుప స్క్రూ వద్దు, గుండుపిన్ను గూడ వద్దు.

ఎందుకు వద్దో గూడ చెప్పింది. పౌడరులో కంటికి కనబడని చిన్న చిన్న అయస్కాంతాలు కోట్లకు కోట్లు ఉంటయట. ప్రతి ఒక్కటి తన చుట్టు తాను తిరుగుతనే ఉంటదట. పౌడరును కాయిల్ నడుమ పెట్టి, కాయిల్‌కు కరెంటు ఒక్క దెబ్బ కొడితే అవన్నీ పక్కకు వంగుతయి. వంగినంక ఊరుకోవు. కొన తోని గాలిలో గిరి గీసినట్టు చుట్టు కొడుతుంటయి. ఆ చుట్టు ఎంత తొందరగా కొడుతున్నయో అదే కాయిల్ తోని వింటరు. దగ్గర్ల అయస్కాంతం బలంగ ఉంటే తొందరగా కొడుతయి, బలం తక్కువుంటే మెల్లగ. పౌడరును కోసుడు లేదు, పగలగొట్టుడు లేదు, లోపట ఏమున్నదో తెలుస్తది. కాయిల్‌లోనే ఇనుము ఉంటే మాత్రం పౌడరు మాట కాదు, ఇనుము మాట వినబడుతది.

నేను తల మీది ఫ్యాను చూపించిన. దుకాణంలో ఆ ఫ్యానుకు రాడ్డు పైన బుష్ అరిగింది. రెక్కలు గిరగిర తిరుగుతుంటే, రాడ్డుతో సహా మొత్తం మెల్లగ గుండ్రంగ ఊగుతది.

"తిరుగుడు వేరు. ఊగుడు వేరు" అన్న.

ఆమె చానా సేపు తల పైకెత్తి చూసింది.

"ఆ ఊగుడే తాత నా పీహెచ్‌డీ. ఊళ్ళె అందరి ఫ్యాన్లు బాగుచేసి నీ ఫ్యాను ఎందుకు గట్ల వదిలేసినవో ఇయ్యాల తెలిసింది. నా కోసం పెట్టినవ్."

నేను నవ్విన. మాట రాకుంటే నవ్వుడు నాకు అలవాటు.

పని మొదలుపెట్టే ముందు బల్ల మీది ఇనుప సామాను అంతా పక్క గదిలో పెట్టిన. బల్లను తడి గుడ్డతో మూడుసార్లు తుడిచిన. ఇనుప కత్తికి బదులు వెదురు పుల్ల చెక్కుకున్న. ఇత్తడి స్క్రూలు చార్మినార్ దిక్కు పోయి తెచ్చిన. దుకాణపాయన ఇత్తడే అన్నడు, కాని నేను ఉస్తాద్ దిక్సూచి దగ్గర పెట్టి చూసిన. మోటరులో ఏ కాయిల్ ఏ దిక్కు చుట్టిండ్రో తెలుసుకునేందుకు మా దగ్గర చిన్న దిక్సూచి ఉంటది. ముల్లు కదలలేదు. చేతులు కిరసనాయిల్‌తోని కడిగి, మళ్ళ సబ్బుతోని కడిగిన.

మొదటి కాయిల్ రెండు వందల పదకొండో చుట్టు కాడ తప్పింది. ఒక తీగ పక్కదాని మీద ఎక్కింది. బయటికి చూస్తే తెల్వదు, వేలు పెట్టి రుద్దితే తెలుస్తది. మోటరు అయితే ఇచ్చేటోణ్ణి. మనవరాలికి ఇయ్యబుద్ధి కాలేదు. మున్నూట ఇరవై అయ్యేదాక చుట్టి, వార్నిష్ పెట్టి, గోడకు తగిలేసిన. రెండోది మంచిగ వచ్చింది. వెంట్రుక దూరే సందు లేదు. చేతిలో పట్టుకొని వెలుతురుకు తిప్పితే రాగి మొత్తం ఒక్క రేకు లెక్క మెరిసింది. నా ఉమర్‌లో అంత మంచి కాయిల్ చుట్టలేదు.

ఇగ టేపు కట్టాలె. చెయ్యి అలవాటు కొద్దీ గ్రైండరు కిందికి పోయింది. మామూలుగ నువ్వుగింజంత పెడత. పిల్ల పని కదా, దాని మీద ఎందరి కండ్లు ఉంటయో అని జొన్నగింజంత పెట్టిన.

మూడు వారాలు ఆమె కనబడలేదు. ఫోన్ చేస్తే మిషన్ కాడ ఉన్న అమ్మమ్మా అనేదట. మంగళవారం సాయంత్రం ఇంటికి వచ్చింది. హల్వా డబ్బా తెచ్చింది. చెప్పులు ఒకటి గడప లోపట, ఒకటి బయట వదిలేసింది. వంటింట్లకు పోయి అమ్మమ్మను ఎత్తి తిప్పబోయింది. ఆమె తిట్టింది, నా నడుము నీ పౌడరు కాదు అని.

సంగతి ఏందంటే, పౌడరులోని రాగి ఒక్క దిక్కుకు తిరిగి నిలబడి అయస్కాంతం అయినట్టు దొరికింది. ఎంత చల్లగ చేసినా దాంట్ల రాగి ఏ దిక్కుకు తిరిగి నిలబడదని పెద్దోళ్ళు అనుకుంటున్న పౌడరు అది. మనస్విని గూడ అట్లనే అనుకున్నది. కాని కొత్త కాయిల్ పెట్టినకాంచి రోజూ కనబడుతున్నదట. గదిలోని మామూలు వేడికే కనబడుతున్నది, మంచు కన్న ఎన్నోరెట్లు చల్లని నైట్రోజన్ పోసినా కనబడుతున్నది. రాగి పౌడరులో మామూలు వేడికి గిట్లాంటిది ఎవరూ చూడలేదట. వేదశ్రీ మేడం, అంటే ఆమెకు చదువు చెప్పే పెద్ద మేడం, ఇంకోసారి సరిచూసుకోమని అన్నదట. అన్నది గాని, ఆమె గూడ ఆ రోజు అన్నం తినుడు మర్చిపోయిందట. శుక్రవారం కమిటీ. ఇది చూపిస్తే ఏడాది ఇయ్యకుండ ఎట్లుంటరు అని మనస్విని మాట.

నాకు వినిపిస్తనని ఫోన్ తీసింది. మిషన్‌కు అందేది చప్పుడుగ మార్చి వినొచ్చట. మొదటిది పెట్టింది. కరెంటు దెబ్బ పడ్డంక గుంయ్ మని మోత. ఆ మోత కింద ఒక కొట్టుకునుడు, ఉయ్యాల గొలుసు లెక్క, వవ్, వవ్, వవ్ అనుకుంట సన్నగయి ఆగిపోయింది. ఆ కొట్టుకునుడే తాత, అన్నది. పౌడరుల కొన్ని ఒక జోరుల ఊగుతున్నయి, కొన్ని ఇంకో జోరుల. రెండు జోర్లు కలిసి కొట్టుకుంటున్నయి. అంటే లోపట అయస్కాంతం ఉన్నట్టే.

రెండోది పెట్టింది. నైట్రోజన్ పోసి చల్లగ చేసినంక పట్టింది. గుంయ్. వవ్, వవ్, వవ్.

ఇంకోసారి పెట్టమన్న. రెండూ ఇంకోసారి పెట్టింది.

యాభై ఏండ్లు మోటర్ల మోత విన్నోణ్ణి. రెండు కొట్టుకునుడ్లకు వెంట్రుక వాసి తేడా లేదు. మా గల్లీ మలుపు కాడ బసవయ్యకు పిండి గిర్నీ ఉన్నది. మోటరు కొట్టుకుంటున్నది అన్నా అని నెలకొకసారి పిలుస్తడు. నేను ముందు మోటరును రాయికి కలిపే పట్టా తీసేయమంట. రాయి ఆగుతది, మోటరు ఒక్కటే తిరుగుతది. కొట్టుకునుడు ఆగితే తప్పు రాయిది. పట్టా తీసినా గట్లనే కొట్టుకుంటే తప్పు రాయిది కాదు, గింజలది కాదు. మోటరుదే.

పౌడరు చల్లగయింది, వేడయింది. కొట్టుకునుడు మారలేదు.

"పౌడరు కాకుండ ఇంకోటి ఏమన్న పెట్టి చూసినవా?" అని అడిగిన.

"నీళ్ళు పెట్టి చూడాలె అసలైతే. టైం లేకుండె తాత. కాయిల్ కరెంటు చూసిన, పక్కా ఉన్నది. నువ్వు చుట్టినదానికి ఇంకేం చూడాలె?"

విమలాదేవి హల్వా గిన్నె నా చేతిల పెట్టింది. నేను తినలేదు. పిల్ల అంత సంబురంగ చెప్తుంటే శభాష్ అన్న అనవేంది అని అరిచింది. మోటర్లకు కొట్టి కొట్టి ఈయన నోటికి గూడ వార్నిష్ కొట్టుకున్నడే అని మనవరాలికి చెప్పింది. ఇద్దరూ నవ్విండ్రు. మనస్విని పోయేటప్పుడు నా తల మీద చెయ్యి పెట్టి, ఈ కాయిల్ పేరు కాయితంల రాయిస్త తాత, పురుషోత్తం కాయిల్ అని, అన్నది.

పొద్దుగాల దుకాణం తాళం తీసి ముందు గ్రైండరు కాడికే పోయిన. మడ్డిని పుల్లతో కొంచెం కాయితం మీదికి తీసి, ఉస్తాద్ దిక్సూచి దగ్గరికి జరిపిన. ముల్లు గిర్రున తిరిగి కాయితం దిక్కు చూసింది.

సాన మీద ఏం అరుగుతది? ఇనుమే అరుగుతది. మడ్డి అంటే నూనె, ఇనుప రజను. యాభై ఏండ్లు ఈ వేలితోనే పూసిన. ఒక్కనాడు అది ఇనుము అనుకోలేదు. అది దిష్టి చుక్క. మేకు ఇనుము, స్క్రూ ఇనుము, కత్తి ఇనుము. వాటినన్నింటినీ పక్క గదిలో పెట్టి తాళం వేసిన. చుక్కను మాత్రం చేతులు కడుక్కొని పెట్టిన.

మోటరులో తప్పు కాదు. మోటరంతా ఇనుమే, నువ్వుగింజ ఏం చేస్తది. ఆమె కాయిల్‌లో జొన్నగింజ.

నిజం చెప్తున్న, ఒక గంట సేపు చెప్పొద్దనే అనుకున్న. చుక్క టేపు కింద ఉన్నది, టేపు వార్నిష్ కింద ఉన్నది. ఎవరు విప్పుతరు. శుక్రవారం కమిటీ అయిపోతది. పిల్లకు ఏడాది దొరుకుతది. తర్వాత చెప్తే ఏమైతది. చాయ్ తెప్పించుకున్న. అది చల్లగయింది. ఎవరో కూలర్ మోటరు తెచ్చి పెట్టి పోయిండు, ఆయన మొఖం గూడ చూడలేదు. ఏడాది దొరికినంక ఆ ఏడాదంతా ఆమె లేనిదాన్ని ఎతుకుతది. ఒకనాడు కంపెనీ కాయిల్ వస్తది, నాది తీసి అది పెడతరు. అప్పుడు కొట్టుకునుడు ఉండదు. అప్పుడు ఆమెను అడుగుతరు, మొదలు ఏం చూపించినవ్ అని.

గోడకున్న మొదటి కాయిల్ తీసిన. తప్పు చుట్టు ఉన్నది. దుకాణం దాటేది కాదు కాబట్టి దానికి చుక్క పెట్టలేదు. దిక్సూచి చుట్టు తిప్పిన. ముల్లు కదలలేదు. గుడ్డలో చుట్టుకొని బస్సు ఎక్కిన.

యూనివర్సిటీకి నేను అంతకు ముందు పోలేదు. గేటు కాడ ఎవరి కోసం అని అడిగిండ్రు. మనవరాలి పేరు చెప్పిన, కాయిల్ చూపించిన. రిపేరాయన అని రాసుకొని పంపిండ్రు. మనస్విని ఉరికొచ్చింది. అమ్మమ్మకు ఏమన్న అయిందా అని మొదలు అదే అడిగింది. కాలేదు అన్న. వాళ్ళ మిషన్ గదిలోకి తీసుకపోయింది. వేదశ్రీ మేడం అక్కడనే ఉన్నది, యాభై ఏండ్ల మనిషి, చెప్పులు బయట విడిచి ఉత్త కాళ్ళతో స్టూలు మీద కూసున్నది. నమస్తే చెప్పి కూర్చోమన్నది. నేను నిలబడ్డ.

"ఆ కొట్టుకునుడు పౌడరుది కాదు. కాయిల్‌ది" అన్న. "నేను టేపు కింద దిష్టి చుక్క పెట్టిన. సాన మడ్డి తోని. దాంట్ల ఇనుము ఉన్నది."

మనస్విని నా దిక్కే చూసింది. నేను నేల దిక్కు చూసిన.

"మూడుసార్లు చెప్పిన తాత. ఇనుము వద్దని."

"చెప్పినవ్."

"మరెందుకు పెట్టినవ్?"

"దిష్టి తగుల్తదని."

ఆమె మిషన్ తెర బంద్ చేసింది. తిట్టినా బాగుండు అనిపించింది. మేడం స్టూలు దిగింది. మనస్విని దిక్కు తిరిగి, నీళ్ళు పెట్టి చూసినవా, అని మెల్లగ అడిగింది. ఆ అడుగుడులో కోపం లేదు, కాని పిల్ల మొఖం ఎర్రగయింది.

"చూడలేదు మేడం. మా తాత చుట్టిండని చూడలేదు."

ఆ మాటకు నేను పక్కనున్న ఇంకో స్టూలు లాక్కున్న. అప్పుడు కూసున్న.

మేడం ముందు నీళ్ళ గొట్టం పెట్టుమన్నది. పౌడరు తీసి, అదే జాగల ఉత్త నీళ్ళు పెట్టిండ్రు. నీళ్ళల్ల ఏ కొట్టుకునుడూ ఉండొద్దట. మిషన్ పెట్టింది. గుంయ్. వవ్, వవ్, వవ్. నీళ్ళు గూడ కొట్టుకున్నయి.

కాయిల్ విప్పి నా చేతికి ఇచ్చిండ్రు. బ్లేడు అడిగిన. మనస్విని ఇచ్చింది. వార్నిష్ మీద గీసి టేపు విప్పిన. చుక్క అక్కడనే ఉన్నది, నల్లగ, నేను పెట్టినట్టే. మేడం ఫోన్‌లో దాన్ని ఫొటో తీసుకున్నది. ఎంత అందంగ చుట్టిండ్రు అని అన్నది. అది అన్నందుకే ఇంకా సిగ్గయింది.

గుడ్డలకెల్లి మొదటి కాయిల్ తీసి ముందర పెట్టిన. ఇది తప్పింది, రెండు వందల పదకొండో చుట్టు కాడ, కాని దీంట్ల ఇనుము లేదు, చూసిన, అని చెప్పిన. మనస్విని ఈసారి నమ్మలేదు. నా మొఖం ముందరనే ఏదో మీటరు తెచ్చి కాయిల్ చుట్టు తిప్పింది. నాకు నొప్పి అనిపించలేదు. మంచిగనే అనిపించింది. మొదలే గట్ల చూసి ఉండాలె.

నీళ్ళు పెట్టింది. గుంయ్ మని మోత, దూరం పోయేదాక పోయి సన్నగ ఆగింది. కొట్టుకునుడు లేదు. పౌడరు పెట్టింది. మోత, సన్నగ ఆగింది. కొట్టుకునుడు లేదు. ఐదేండ్ల పౌడరు, మూడు వారాల సంబురం, అంతా ఆ మోత ఆగినంత సేపట్ల అయిపోయింది. ఆమె కుర్చీల వెనక్కు వాలి చున్నీ కొసతోని కండ్లు ఒత్తుకున్నది. మేడం బయటికి పోయింది, చాయ్ చెప్తనని.

నేను లేచిన. పక్కకు పోయి ఆమె కుర్చీ పట్టుకొని నిలబడ్డ.

"ఎవరికీ తెల్వకపోతుండె తాత" అన్నది. "నువ్వు శుక్రవారం దాక ఆగితే అయిపోతుండె."

"తప్పు మోటరుదని తెలిసీ, గిర్నీకి పట్టా పెట్టి ఇచ్చినట్టయితుండె" అన్న.

చిన్నప్పటి సంది బసవయ్య గిర్నీకి నా ఎంబడి వచ్చిన పిల్ల. ఆమెకు తెలిసింది. ముక్కు తుడుచుకొని లేచింది. ఎట్లాగూ పౌడరును చల్లగ చేసే సామాను ఉన్నది, ఒకసారి చల్లగ చేసి చూస్త, అన్నది. నైట్రోజన్ పొగలు పొగలుగ పోసింది. గంటన్నర పట్టింది. నేను స్టూలు మీదనే ఉన్న. మేడం వచ్చి చాయ్ ఇచ్చింది. మోటర్లలో మోత తోని తప్పు ఎట్ల పడతరని అడిగింది. పట్టా సంగతి చెప్పిన. ఆమె మస్తు శ్రద్ధగ విన్నది.

చల్లగయినంక మోత పెట్టిండ్రు. నేను కండ్లు మూసుకొని విన్న. కొట్టుకునుడు లేదు. కాని మోత జరంత పొట్టిగయింది. మామూలు వేడికి ఉన్నంత దూరం పోలేదు. ఇంకోసారి పెట్టుమన్న. ఇంకోసారి గూడ గట్లనే పొట్టిగ ఆగింది.

"మారింది" అన్న.

మనస్విని తెర మీద గీతలు దగ్గరికి లాక్కొని చూసింది. మేడం వంగి చూసింది. ఇద్దరూ ఇంగ్లీషులో జోరుగ మాట్లాడుకున్నరు. ముందు కొట్టుకునుడు కింద ఇది కనబడలేదట. రాగి అయస్కాంతాలు చల్లకు మెల్లగయితున్నయట, ఆగుతలేవు గాని మెల్లగయితున్నయి, అందుకే మోత తొందరగ ఆగుతున్నదట. ఇది ఎవరూ చూడనిది కాదు. వేరే దేశాలల్ల వేరే పౌడర్లల్ల చూసిండ్రట. ఈ పౌడరుల ఇదే మొదలు.

"చిన్నదే" అన్నది మేడం. "కానీ ఇది పౌడరుది."

నీళ్ళతో రెండుసార్లు, పౌడరుతో ఆరుసార్లు, మళ్ళ నీళ్ళతో చూసిండ్రు. ప్రతిసారి మనస్విని నన్ను అడిగింది, మారిందా అని. తెర మీద గీత ఉన్నది ఆమెకు. అయినా అడిగింది. నేను చెప్పిన. ఆఖరి బస్సు దొరకదని ఆమెనే స్కూటీ మీద మొఘల్‌పురాలో దింపింది. దిగినంక నా చొక్కా గుండీ ఒకటి ఊడితే పెట్టింది.

శుక్రవారం నేను దుకాణం తీయలేదు. ఇంట్లో విమలాదేవికి సంగతి మొత్తం చెప్పిన. ఆమె, ఇరవై నాలుగు గంటలల్ల ఇన్ని మాటలు మాట్లాడినవా, పెండ్లప్పుడు గూడ మాట్లాడలేదు కదా, అన్నది. మనస్విని నాలుగింటికి ఫోన్ చేసింది. కమిటీలో మొదలు ఆ చుక్క ఫొటోనే చూపించిందట. తర్వాత నీళ్ళ మోత వినిపించి, తర్వాత కొత్త మోత వినిపించిందట. ఒక సార్ నవ్విండట. ఇంకొక సార్ నవ్వలేదట, నీళ్ళు ముందే ఎందుకు పెట్టలేదని గట్టిగ అడిగిండట. ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. ఊగే ఫ్యాను గూడ చెప్పిందట. ఏడాది అడిగితే ఎనిమిది నెలలు ఇచ్చిండ్రు.

ఎనిమిది నెలలు సరిపోతదా అని అడిగిన. సరిపోవాలె అన్నది.

ఆదివారం పొద్దున్నే దుకాణానికి వచ్చింది. ఇంకో పైపు ముక్క తెచ్చింది. చుక్క పెట్టిన కాయిల్‌ను ఎంత తుడిచినా ఇనుము పూర్తిగ పోలేదట. తప్పు చుట్టు కాయిల్ పనికొస్తది కాని చాలదు, కంపెనీది వచ్చేదాక ఆగితే ఎనిమిది నెలల్ల రెండు పోతయి, సరిగ చుట్టినది కావాలె అన్నది. నేను బల్ల తుడిచిన. ఈసారి గ్రైండరును గూడ పక్క గదిలో పెట్టిన. ఆమె ఎదురుంగ కూసొని చుట్లు లెక్క పెట్టింది. నా లెక్క, ఆమె లెక్క మూడు వందలు దాటినంక ఒక్కటి తేడా వచ్చింది. మొత్తం విప్పి మొదటి నుంచి చుట్టిన. ఆమె తిట్టుకుంటనే మళ్ళ లెక్క పెట్టింది.

మున్నూట ఇరవై పడ్డది. టేపు చేతిలకు తీసుకున్న. వేలు దానంతట అదే గ్రైండరు ఉండే జాగ దిక్కు పోయింది. అక్కడ ఏమీ లేదు. వేలు వెనక్కి తీసుకున్న.

మనస్విని బ్యాగులకెల్లి చిన్న డబ్బీ తీసింది. అమ్మమ్మ కాటుక డబ్బీ. మూత తీసి దిక్సూచి పక్కన పెట్టింది. ముల్లు కదలలేదు. డబ్బీ తిప్పి ఇంకో దిక్కు పెట్టింది. కదలలేదు.

"దీపం మసి, నెయ్యి. ఇనుము లేదు" అన్నది. "యూనివర్సిటీల గూడ మీటరు పెట్టి చూసిన. పెట్టు తాత."

"నువ్వు పెట్టు."

"పెద్దోళ్ళు పెట్టాలె."

వేలు తుడుచుకొని పెట్టిన. నువ్వుగింజంతనే పెట్టిన.

"ముందు నీళ్ళు పెట్టి చూస్త" అన్నది ఆమె. "నీ మీద నమ్మకం లేక కాదు."

"చూడాలె" అన్న.

టేపు కట్టి వార్నిష్ పోసి, ఆ చేత్తోనే కాటుక డబ్బీ మూత పెట్టిన. ఆరేదాక ఆమె ఊగే ఫ్యాను కింద కూసొని రాసుకున్నది. మధ్యాహ్నం ఇద్దరం అన్నానికి ఇంటికి పోయినం. విమలాదేవి తన కాటుక డబ్బీ పట్టుకొని చూసి, మూత మీద ఈ వార్నిష్ బొటనవేలు ముద్ర ఎవరిది అని అడిగింది.